సర్ఫ్ రీల్ మొరాయిస్తే: విప్పకముందు చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. న్యూజెర్సీ తీరంలో ఒడ్డునుంచి స్ట్రైప్డ్ బాస్ చేప కోసం 12 అడుగుల రాడ్, 5 ఔన్సుల సీసపు గుండు వాడుతున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆబు అంబాసడర్ 6500 సీటీ మ్యాగ్ రీల్, అంటే లైన్‌ని సమంగా పరిచే లెవల్‌వైండ్ లేని రకం. ఇబ్బందులు నాలుగు. విసిరితే లైన్ కాకిగూడైపోతోంది. చేప లాగినప్పుడు లైన్‌ని కొంత బిగువుతో వదిలే డ్రాగ్ ఒకసారి బిగుసుకుని మరోసారి జారిపోతోంది. హ్యాండిల్ అప్పుడప్పుడు వెనక్కి తిరుగుతోంది. తిప్పుతుంటే లోపల కరకరమంటోంది. "మొత్తం విప్పి గ్రీజు దట్టిస్తే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోదు. ఈ నాలుగింట్లో కనీసం రెండు, మీకు అమ్మినాయన ఇదివరకే గ్రీజు దట్టించడం వల్ల వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ రకం రీల్ ఒకే చట్రంలో ఇరికించిన రెండు యంత్రాలు. ఒకటి స్పూల్ (లైన్ చుట్టే చక్రం), దాని ఇరుసు, రెండు బేరింగులు, బ్రేకు. విసిరే ఆ కొద్ది క్షణాలు అడ్డం లేకుండా తిరగడమే దాని పని. రెండోది హ్యాండిల్ వైపు ఉండే గేర్లు, డ్రాగ్, స్పూల్‌ని గేర్లకి కలిపి విడదీసే క్లచ్, వెనక్కి తిరగకుండా ఆపే ఏర్పాటు. అది బరువు మోయాలి. మొదటిదానికి కావలసింది పల్చటి నూనె, అదీ చుక్కల లెక్కన. రెండోదానికి గ్రీజు. గ్రీజు స్పూల్ వైపు పాకినా, నూనె డ్రాగ్‌లోకి చేరినా తంటాలే. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే తేల్చుకోవాల్సింది, రోగం ఏ సగంలో ఉందని.

అది తేల్చడానికి పనిముట్లు అక్కర్లేదు. రీల్‌ని రాడ్ నుంచి తీసి చేతిలో పట్టుకుని, క్లచ్ వదిలి ఫ్రీస్పూల్‌లో (స్పూల్ గేర్లతో సంబంధం లేకుండా తిరిగేలా) పెట్టి, మ్యాగ్ బ్రేకు, అంటే అయస్కాంతాల బ్రేకు, పూర్తిగా తగ్గించి, స్పూల్‌ని బొటనవేలితో ఒక్కసారి తిప్పి వదలండి. చెవి దగ్గర పెట్టుకుని వినండి. మంచి బేరింగు సన్నగా, ఒకే శ్రుతిలో హుమ్మంటుంది. ఇసుక, ఉప్పు ఉంటే గరగర. గ్రీజు ఉంటే చప్పుడే ఉండదు, స్పూల్ రెండు మూడు సెకన్లలో మెత్తగా ఆగిపోతుంది. ఆగే చివరి క్షణంలో స్పూల్ కొంచెం వెనక్కి ఊగిందంటే బరువు ఒక పక్కకి ఉంది, సాధారణంగా లీడర్ (లైన్ కొసకి కట్టే మందపాటి దారం) ముడి వల్ల. అది లోపం కాదు.

ఇప్పుడు రీల్‌ని రాడ్‌కి బిగించి అదే పరీక్ష మళ్ళీ చేయండి. చేతిలో బాగా తిరిగింది రాడ్ మీద తిరగకపోతే రీల్ లోపల తప్పేమీ లేదు. రీల్ పాదం వంగి ఉంటుంది, లేదా క్లాంపు ఒక పక్క ఎక్కువ బిగించడం వల్ల చట్రం మెలిబడి స్పూల్ అంచు గీసుకుంటోంది. చాలామంది ఈ ఒక్కటి చూడక బేరింగులు మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. క్లాంపు నట్లు రెండూ మార్చి మార్చి, పావు చుట్టు పావు చుట్టుగా బిగించండి. పాదం కింద సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పెడితే తక్కువ బిగింపుతోనే కదలకుండా కూర్చుంటుంది.

మూడో పరీక్ష పక్క ఆట. స్పూల్‌ని రెండు వేళ్ళతో ఎడమకి, కుడికి నెట్టి చూడండి. చెవికి వినిపించీ వినిపించనట్టు టిక్ అనాలి, వెంట్రుకవాసి ఆట ఉండాలి. ఆట బొత్తిగా లేకపోతే పక్క మూత ఎక్కువ బిగించారన్నమాట. బెయిట్‌కాస్టర్లు అనే ఇదే తరహా చిన్న రీళ్ళలో ఆ మూతని బ్రేకులా వాడమని చెబుతారు. 5 ఔన్సుల సీసం విసిరే రీల్‌లో అలా చేస్తే ఇరుసు కొస మూతలోని చిన్న రాగి బిళ్ళని తొలిచి గుంట చేస్తుంది, వేడెక్కుతుంది, దూరం పోతుంది. మూత ఉన్నది స్పూల్‌ని నడిమధ్యన నిలపడానికే. బ్రేకు పని బ్రేకుకే వదలండి.

ఇక కాకిగూడు సంగతి. ఇక్కడ ఒక లెక్క చూడండి. స్పూల్ మీద నిండుగా చుట్టిన లైన్ వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకి సుమారు 15.7 సెంటీమీటర్ల లైన్ వెళుతుంది. సీసం సెకనుకి 40 మీటర్ల వేగంతో బయలుదేరితే స్పూల్ నిమిషానికి సుమారు 15,000 చుట్లు తిరగాలి. సీసం గాలిలో నెమ్మదిస్తుంది గానీ స్పూల్‌కి ఆ సంగతి తెలియదు. అది అదే వేగంతో తిరుగుతూ సీసం అడగని లైన్‌ని కూడా వదిలేస్తుంది. ఆ మిగులే చిక్కు.

అందుకే "చిక్కుపడుతోంది" అంటే సరిపోదు, ఎప్పుడు పడుతోందో చూసుకోవాలి. రాడ్ నుంచి సీసం విడివడిన మొదటి క్షణంలోనే, అంటే ఇంకా 10, 20 మీటర్లు కూడా పోకముందే పడితే, కారణం విసిరే తీరు గాని, స్పూల్ నింపిన తీరు గాని. మెల్లగా మొదలై క్రమంగా వేగం పెరగాల్సిన కదలికని ఒక్క ఉదుటున కొడితే స్పూల్ సీసాన్ని మించి పరుగెత్తుతుంది. లెవల్‌వైండ్ లేదు కాబట్టి లైన్‌ని బొటనవేలితో మీరే పరచాలి. నడుమ గుట్టలా పేరుకుంటే ఆ గుట్ట కూలి కింది చుట్ల మీద పడుతుంది, అంతే. అంచుకి 2, 3 మిల్లీమీటర్ల కింద వరకే నింపండి. లీడర్ ముడి ఎప్పుడూ స్పూల్‌కి ఒక పక్కన, బొటనవేలు ఆనని వైపు ఉండాలి. నడుమ ఉంటే లైన్ దాన్ని తట్టుకుంటుంది, వేలు కూడా తెగుతుంది.

సీసం ఆకాశంలో సగం దారిలో ఉండగా లైన్ స్పూల్ మీద ఉబ్బి దూదిలా లేస్తుంటే బ్రేకు చాలడం లేదు, లేదా ఎదురుగాలి. సీసం నీళ్ళలో పడ్డాక చిక్కుపడితే రీల్‌ది ఏ తప్పూ లేదు, సీసం నీటిని తాకే క్షణానికి బొటనవేలు స్పూల్ మీద లేదంతే.

బ్రేకుల్లో రెండు రకాలున్నాయి. కొన్నింట్లో చిన్న దిమ్మెలు ఇరుసు మీది పుల్లలకి గుచ్చి ఉంటాయి. స్పూల్ తిరిగితే బయటికి జరిగి వలయానికి రాసుకుంటాయి. వీటి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సగమైతే పట్టు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే బయలుదేరేటప్పుడు గట్టిగా పట్టి, తర్వాత తప్పుకుంటాయి. అయస్కాంతాల బ్రేకు అలా కాదు. అల్యూమినియం స్పూల్ అయస్కాంతాల ముందు తిరిగితే లోహంలో సుడి విద్యుత్తు పుట్టి ఎదురు లాగుతుంది. ఆ లాగుడు వేగంతో పాటే, సమపాళ్ళలో తగ్గుతుంది కాబట్టి చివరిదాకా ఎంతో కొంత ఉంటుంది. కొత్తగా విసిరేవాళ్ళకి నేను మ్యాగ్ రకమే చెబుతాను. మీది అదే. నాబ్‌ని ముందు పూర్తి బ్రేకు వైపు పెట్టి, అయిదారు విసుర్లు శుభ్రంగా పడ్డాక ఒక్కో మెట్టు తగ్గించండి. దూదిలా లేవడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి.

మ్యాగ్ నాబ్ తిప్పినా తేడా తెలియకపోతే లోపలి పళ్ళెం ఉప్పుకి బిగుసుకుని కదలడం లేదేమో చూడాలి. అయస్కాంతాల మీద నల్లటి నుసి పేరుకుందేమో కూడా చూడండి. తీరపు ఇసుకలో మాగ్నటైట్ రేణువులుంటాయి. సెలవులకి వచ్చి విశాఖ, భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో గాలం వేసేవాళ్ళు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, అక్కడి ఇసుకలో నల్లరేణువులు చారలు చారలుగా కనిపిస్తాయి. అవి మీసాల్లా నిక్కబొడుచుకుని స్పూల్ అంచుని గీకేస్తాయి. గుడ్డతో తుడిస్తే రావు. సెల్లోటేపు ముక్క జిగురు వైపు అద్ది అద్ది లాగితే వస్తాయి. దిమ్మెల బ్రేకున్న రీల్‌లో వలయం మీద నూనె పడితే బ్రేకు జారిపోతుంది. దాన్ని దూదితో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పొడిగా ఉంచాలి.

బేరింగుల సంగతి కాస్త నిదానంగా చెబుతాను, దూరం అంతా వీటిలోనే ఉంది. 6500 స్పూల్ బేరింగు కొలత 3 × 10 × 4 మిల్లీమీటర్లు. కొత్తవి తెప్పించుకునే ముందు పాతదాన్ని కూడా కొలిచి చూసుకోండి. మోడల్‌ని బట్టి ఇవి పక్క మూతలోనో స్పూల్ లోపలో ఉంటాయి. సన్నటి తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది. ఆ క్లిప్పు ఎగిరిపోతే దొరకదు, కాబట్టి రీల్‌ని పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు రెండూ సంచిలో దూర్చి తీయండి. బేరింగుని చిన్న గాజు సీసాలో లైటర్ ఫ్లూయిడ్‌లో వేసి మూతపెట్టి రెండు నిమిషాలు కుదపండి. ద్రవం మురికిగా మారితే పారబోసి కొత్తది పోసి మళ్ళీ కుదపండి. తేటగా మిగిలేవరకు. పొయ్యి, దీపం దరిదాపుల్లో లేకుండా, కిటికీ తెరిచి చేయాలి. ఎసిటోన్ ఇంకా బాగా కడుగుతుంది గానీ బేరింగు లోపలి గుళ్ళ పంజరం ప్లాస్టిక్‌దైతే కరిగిపోవచ్చు. ఉక్కుది అని ఖాయమైతేనే వాడండి. కిరసనాయిలు వద్దు, ఆరాక జిడ్డు పొర వదులుతుంది.

కడిగాక కాగితం మీద ఆరబెట్టి, పెన్సిల్ మొనకి గుచ్చి వేలితో తిప్పండి. పొడి బేరింగు గోలగోలగా మోగుతుంది, దానికి భయపడక్కర్లేదు. చూడాల్సింది, తిరుగుతూ తిరుగుతూ ఒకచోట తడబడుతోందా అని. తడబడితే లోపల గుంటలు పడ్డాయి, పారేయడమే. గాలి గొట్టంతో ఊది గిర్రున తిప్పే సరదా కొందరికి ఉంటుంది. నూనె లేని బేరింగుని అంత వేగంతో తిప్పితే అక్కడికక్కడే పాడవుతుంది.

నూనె ఒక్కో బేరింగుకి ఒక్క చుక్క. సూది మొనకి నిలిచినంత. రీల్ నూనె దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె వాడొచ్చు, కాకపోతే రెండు మూడు సార్లు తీరానికి వెళ్ళొచ్చాక మళ్ళీ వేయాలి. స్పూల్ మరీ చురుగ్గా ఉండి మీ బొటనవేలికి లొంగకపోతే కాస్త చిక్కటి నూనె వేయండి. దూరం కొద్దిగా తగ్గుతుంది, చిక్కులు బాగా తగ్గుతాయి. వేలితో తిప్పితే స్పూల్ ఎన్ని సెకన్లు తిరిగిందో వీడియోలు పెట్టి పోటీపడుతుంటారు. బరువు లేకుండా తిరిగిన ఆ సమయానికీ, బరువుతో విసిరితే వచ్చే దూరానికీ పెద్ద సంబంధం లేదు.

డబ్ల్యూడీ-40 తడిని తరిమేస్తుంది, తుప్పు పట్టిన స్క్రూ వదులు చేస్తుంది. రీల్‌లో నిలిచే కందెన మాత్రం కాదు. లోపల కొడితే ఉన్న గ్రీజుని కరిగించి డ్రాగ్ వైపు తీసుకుపోతుంది.

డ్రాగ్ విషయానికి వస్తే, విప్పకముందే ఒక అనుమానం తీర్చుకోండి. మీరు బ్రెయిడ్ (అల్లిన లైన్) వాడుతుంటే డ్రాగ్ జారుతున్నట్టు కనిపించేది నిజానికి లైన్ జారడం కావచ్చు. నున్నటి అల్యూమినియం మీద బ్రెయిడ్ పట్టు దొరక్క మొత్తం కట్ట బొంగరంలా స్పూల్ మీద గుండ్రంగా తిరుగుతుంది. పరీక్ష తేలిక. మార్కర్ పెన్నుతో స్పూల్ అంచు మీదనుంచి లైన్ మీదికి ఒక గీత గీయండి. డ్రాగ్ బిగించి లైన్ గట్టిగా లాగండి. గీత విరిగి రెండు ముక్కలైతే లైన్ జారుతోంది. కింద 10 మీటర్లు మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) చుట్టి దాని మీద బ్రెయిడ్ ముడివేసి చుట్టుకుంటే సమస్య పోతుంది. గీత అలాగే ఉండి స్పూల్ తిరిగితే అప్పుడు డ్రాగ్ విప్పండి.

మోనో గురించి ఒక పక్కమాట. చేపతో లాగులాటలో మోనో సాగి, అదే సాగుడుతో స్పూల్ మీద చుట్టుకుంటుంది. తర్వాత సంకోచించి స్పూల్‌ని నొక్కుతుంది. పెన్ కంపెనీ పాత స్క్విడర్ లాంటి రీళ్ళకి వచ్చిన ప్లాస్టిక్ స్పూళ్ళు ఈ ఒత్తిడికే పగిలేవి, అంచులు విచ్చుకునేవి. అవి లినెన్, డాక్రాన్ దారాల కాలపువి. పాత రీల్ కొంటే లోహపు స్పూల్ ఉందో లేదో చూసుకోండి.

డ్రాగ్ లోపల బిళ్ళల పొర ఉంటుంది. మెయిన్ గేరు గిన్నెలో ఒక కార్బన్ వాషరు, దాని మీద ఒక లోహపు వాషరు, మళ్ళీ కార్బన్, మళ్ళీ లోహం, ఇలా. లోహపువాటిలో రెండు జాతులున్నాయి. ఒకదానికి బయట చెవులుంటాయి, అవి గేరు గాడిలో కూర్చుని గేరుతో తిరుగుతాయి. ఇంకోదానికి నడుమ రంధ్రం గుండ్రంగా కాక చదునుగా కోసి ఉంటుంది, అది హ్యాండిల్ ఇరుసుతో తిరుగుతుంది. ఇవి ఒకటి తర్వాత ఒకటిగా రావాలి. ఒకే జాతివి రెండు పక్కపక్కన పడితే వాటి మధ్య రాపిడి ఉండదు, పట్టు బాగా పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ రీళ్ళలో ఇది తరచూ కనిపించే తప్పు. విప్పేటప్పుడు ప్రతి బిళ్ళ తీశాక ఒక ఫోటో తీసుకోండి. పెన్, ఆబు కంపెనీలు తమ మోడళ్ళకి భాగాల పటాలు ప్రచురిస్తాయి, దాంతో పోల్చుకోండి.

బిగుసుకుని జారడం, జారి బిగుసుకోవడం అన్న మీ లక్షణానికి నా మొదటి అనుమానం గ్రీజు మీదే. మామూలు లిథియం గ్రీజు, నూనె కార్బన్ వాషర్ల మధ్యకి చేరితే బంక అవుతుంది. కదలకుండా ఉన్నప్పుడు అతుక్కుంటుంది, ఒకసారి ఊడాక జారిపోతుంది. చేప మొదటి ఉదుటుకే లైన్ తెగడం దీనివల్లే. వాషర్లన్నీ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. కార్బన్‌వి పొడిగానూ పెట్టుకోవచ్చు, డ్రాగ్ కోసమే తయారైన గ్రీజు పల్చగా పూసి మిగులు తుడిచేసి కూడా పెట్టుకోవచ్చు. ఉప్పునీళ్ళ వాడకానికి నేను రెండోదే చెబుతాను, నీరు దూరదు, కదలిక మెత్తగా మొదలవుతుంది. పాత ఫెల్ట్, తోలు వాషర్లు బండబారి మెరుస్తుంటే కడగడం దండగ, కార్బన్‌వి తెప్పించుకోండి.

లోహపు వాషరుని అద్దం ముక్క మీద పెట్టి అంచుల్ని వేలితో నొక్కుతూ రండి. టకటకమంటే వంకర. వంకర వాషరు ఒక్కటి చాలు, చుట్టుకొకసారి డ్రాగ్ పట్టి వదులుతుంది. చదునుగానే ఉండి గీతలు పడితే, అద్దం మీద 600 నంబరు నీటి గరుకు కాగితం పరిచి, నీళ్ళు చల్లి, వాషరుని ఎనిమిది ఆకారంలో రుద్దండి. తర్వాత 1000 నంబరు. అద్దంలా మెరవాల్సిన పని లేదు, గోరు తగలకుండా ఉంటే చాలు.

స్టార్ (డ్రాగ్ బిగించే నక్షత్రం ఆకారపు చక్రం) చివరిదాకా బిగించినా పట్టు రాకపోతే బిళ్ళలు అరిగి పొర ఎత్తు తగ్గిందన్నమాట, స్టార్ తన అడ్డాన్ని తాకి ఆగిపోతోంది. షిమ్ అనే పల్చటి బిళ్ళ ఒకటి అదనంగా వేయాలి, లేదా బిళ్ళలు మార్చాలి. స్టార్ కింద గిన్నెల్లాంటి స్ప్రింగు వాషర్లు రెండుంటాయి. అవి బోర్లా, వెల్లకిలా ఎదురెదురుగా ఉండాలి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే స్టార్‌ని పావు చుట్టు తిప్పగానే డ్రాగ్ సున్నా నుంచి పూర్తికి దూకుతుంది.

పట్టు ఎంత ఉండాలన్నది లైన్ తెగే బరువులో పావు నుంచి మూడో వంతు. 20 పౌండ్ల అంటే సుమారు 9 కిలోల లైన్‌కి రెండుంపావు నుంచి 3 కిలోలు. స్ప్రింగు త్రాసుతో రీల్ నుంచి నేరుగా లాగి చూడండి, చేత్తో లాగి అంచనా వేస్తే తప్పుతారు. ఇంకో సంగతి, డ్రాగ్ కదలకపోయినా లైన్ తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల నిండు స్పూల్ మీద రెండున్నర కిలోలకి పెడితే, చేప లైన్ తీసుకుపోయి వ్యాసం మూడున్నరకి వచ్చేసరికి అదే డ్రాగ్ సుమారు 3.6 కిలోలు లాగుతుంది. పెద్ద చేప దూరం వెళ్ళాక డ్రాగ్ బిగించడం కాదు, కాస్త వదలాలి.

హ్యాండిల్ వెనక్కి తిరగడం ప్రమాదం. చేప ఉదుటుకి హ్యాండిల్ తిరిగి వేళ్ళ కణుపుల్ని కొట్టేస్తుంది. ఇది బాగయ్యేదాకా ఆ రీల్ తీరానికి తీసుకెళ్ళకండి. లోపల రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి గాని రెండూ గాని ఉంటాయి. పళ్ళ చక్రానికి అడ్డుపడే డాగ్ అనే చిన్న నాలుక ఒకటి. ఒకవైపే తిరిగే రోలర్ బేరింగు ఇంకోటి. రోలర్ బేరింగులో సన్నటి సూదుల్లాంటి ఉక్కు రోలర్లు వాలు గాళ్ళలో ఉంటాయి, వెనక్కి తిరిగితే ఇరుక్కుని పట్టుకోవాలి. గ్రీజు చేరితే ఇరుక్కోకుండా జారతాయి. "అప్పుడప్పుడు" తిరుగుతోందని మీరన్నారు, నూటికి తొంభై పాళ్ళు ఇదే. లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె అగ్గిపుల్ల కొనతో తాకించండి, అంతకు మించి వద్దు. లోపల దూరే ఉక్కు గొట్టం మీద తుప్పు మచ్చలు, అరుగుడు గీతలుంటే గొట్టాన్ని మార్చాల్సిందే. చలికాలంలో మాత్రమే తిరుగుతుంటే డాగ్ దగ్గర గ్రీజు గడ్డకట్టి నాలుక పడటం లేదు. అక్కడ కూడా గ్రీజు తుడిచి నూనె వేయాలి. నాలుక కొస గుండ్రంగా అరిగినా, దాని స్ప్రింగు చచ్చినా కొత్తవి వేయండి, చవకే.

ఇంకో లోపం మీరు చెప్పలేదు గానీ దీనికి అన్నదమ్ములాంటిది. హ్యాండిల్ తిప్పుతుంటే గేర్లు తిరుగుతాయి, స్పూల్ తిరగదు. పినియన్ అనే చిన్న గేరుని స్పూల్ ఇరుసు మీదికి నెట్టే యోక్ అనే భాగం కింద రెండు బుల్లి స్ప్రింగులుంటాయి. ఒకటి పోయి ఉంటుంది, లేదా యోక్ జారే పుల్లల మీద గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. విసిరే మధ్యలో క్లచ్ తనంతట తాను పడితే మరీ ఘోరం, స్పూల్ ఠక్కున ఆగి లైన్ తెగి సీసం తూటాలా పోతుంది. అందుకే విసురు దెబ్బని కాచే మందపాటి లీడర్, అంటే షాక్ లీడర్, తప్పనిసరి. ఔన్సుకి 10 పౌండ్లు లెక్క, మీ 5 ఔన్సులకి 50 పౌండ్ల లీడర్. లీడర్ పొడవు రాడ్ పొడవుకి రెట్టింపు ఉండాలి, విసరడానికి సిద్ధంగా ఉన్నప్పుడు స్పూల్ మీద ఇంకో ఆరేడు చుట్లు ఉండాలి.

కరకర చప్పుడికి కుడి పక్క సైడ్ ప్లేట్ విప్పాలి. తెల్లటి తువ్వాలు పరిచి, గుడ్ల అట్టలో గుంటకొకటిగా వరసలో పెట్టుకుంటూ పోండి. స్క్రూల పొడవులు ఒకటే కావు, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల గేరుని తాకుతుంది. స్క్రూ తలకి సరిగ్గా సరిపోయే డ్రైవరే వాడండి. అల్యూమినియంలో ఉక్కు స్క్రూ ఉప్పుతో కరుచుకుపోయి ఉంటే బలం చూపకండి. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద నిమిషం ఆనించి అప్పుడు తిప్పండి.

లోపలి రంగులే రోగం చెబుతాయి. ఆకుపచ్చ పొడి ఇత్తడి గేరుది, ఉప్పునీళ్ళు లోపలికి వచ్చాయి. తెల్లటి సున్నంలాంటిది అల్యూమినియంది. గోధుమరంగు ఉక్కుది, స్ప్రింగులు, బేరింగులు చూడండి. గ్రీజులో బంగారు నుసి మెరుస్తుంటే మెయిన్ గేరు అరుగుతోంది. పళ్ళని వెలుగులో పెట్టి చూడండి. పంటి కొస బల్లపరుపుగా ఉంటే మంచిదే. కత్తి అంచులా సన్నబడితే మెయిన్ గేరు, పినియన్ రెండూ కలిపి మార్చాలి, పాతదాని పక్కన కొత్తది వేస్తే కొత్తదీ త్వరగానే పోతుంది. ఆకుపచ్చ మరక ఉన్న ఇత్తడి భాగాన్ని మాత్రం తెల్ల వెనిగర్‌లో పది నిమిషాలుంచి, టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళలో బాగా కడిగి ఆరబెట్టండి. అల్యూమినియం, క్రోమ్ భాగాలకి వెనిగర్ తగలకూడదు. ఇత్తడి చెంబుకి రుద్దినట్టు చింతపండు, ఉప్పు పట్టించాలనిపిస్తుంది. వద్దు, పిప్పి పళ్ళ సందుల్లో మిగిలి, ఉప్పు మళ్ళీ మొదటికి తెస్తుంది.

గ్రీజు సముద్రపు వాడకానికి చేసిన మెరైన్ రకం కావాలి. పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ మధ్య నిండేలా రాసి, మిగిలింది తీసేయండి. సైడ్ ప్లేట్ల లోపలి గోడలకి, స్క్రూ మరలకి తుడిచినట్టు పల్చటి పొర చాలు, అది తుప్పుకి అడ్డం. గిన్నె నిండా గ్రీజు నింపితే హ్యాండిల్ బరువెక్కుతుంది, ఎండకి కరిగి స్పూల్ వైపు దారి చూసుకుంటుంది.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూలు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా. ప్రతి దశలో స్పూల్ తిప్పి చూడండి, ఏ స్క్రూ దగ్గర బరువెక్కిందో అక్కడే తప్పు దొరుకుతుంది.

తీరం నుంచి రాగానే చేయాల్సింది అయిదు నిమిషాల పని. ముందు డ్రాగ్ బిగించండి, నీరు బిళ్ళల్లోకి పోకుండా. మంచినీళ్ళు చేత్తో చిలకరించినట్టు పోయండి. పైపు ఒత్తిడితో కొడితే ఉప్పు లోపలికి తోసినట్టే. బకెట్లో ముంచకండి. విదిలించి, తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరనివ్వండి. వదులు చేయకుండా నెలల తరబడి పెడితే వాషర్లు నొక్కుకుపోయి మొదటి లాగుడు బిగుసుకుంటుంది. ఏడాదికోసారి లైన్ మొత్తం తీసి స్పూల్ అడుగు చూడండి, ఉప్పునీటి తడి అక్కడ చేరి అల్యూమినియాన్ని తింటుంది. సీజన్‌కి ఒకసారి పూర్తిగా విప్పడం చాలు.

రీల్ ఇసుకలో పడితే హ్యాండిల్ ఒక్క చుట్టు కూడా తిప్పకండి. మీ దగ్గరున్న తాగే నీళ్ళ సీసాతో కడిగి, ఆ రోజుకి పక్కన పెట్టండి. అల మొత్తం రీల్ మీదుగా వెళ్ళిపోతే ఆ రాత్రే విప్పాలి, వారాంతం దాకా ఆగితే ఆకుపచ్చ పొడి మీకంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

మీ రీల్‌కి వరస ఇలా పెట్టుకోండి: ముందు క్లాంపు, పక్క ఆట, లైన్ మీద మార్కర్ గీత. తర్వాత రోలర్ బేరింగు, డ్రాగ్ బిళ్ళలు కడగడం. ఆ పైన స్పూల్ బేరింగులు. గేర్లు చివర. కడిగాక కూడా కరకర పోకపోతే మెయిన్ గేరు పళ్ళ ఫోటో దగ్గరనుంచి, పక్కనుంచి వెలుగు పడేలా తీసి ఇక్కడ పెట్టండి, మార్చాలో వద్దో చూసి చెబుతాను.